సగం కోసిన మాట

మొగుడు లింగమూర్తి మీద బాలలక్ష్మి కోపం, ఆమె మాటను అతను తనదిగా చెప్పుకున్నందుకు కాదు, దాన్ని సగానికి కోసినందుకు. సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో, వాళ్ల ఇంటి ముందుగదే నవలలు కిరాయికిచ్చే దుకాణం. హైదరాబాద్ బస్సులో కొత్త కట్ట దిగితే అట్టలు వేసేది ఆమె. చిరిగినవాటిని మైదా ఉడకబెట్టి అతికేది ఆమె. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఒక్కొక్కటీ చదివేదీ ఆమే. పొద్దున తింటూ, "ఎట్లున్నదే గిది?" అంటాడు లింగమూర్తి. ఆమె చెప్పింది విని, మూతి తుడుచుకుని, పోయి కుర్చీలో కూర్చుని గిరాకీలకు అదే చెబుతాడు. లింగమూర్తి బాగుందన్నాడంటే టీచర్లు అట్ట కూడా తిప్పి చూడకుండా తీసుకుపోతారు. ఎనిమిదో తరగతి తప్పాక అతను ఒక్క పుస్తకం చివరిదాకా చదివింది లేదు.

పోనీ అనుకునేది. వండిన కూరకు తన పేరుందా, ఉతికిన చొక్కాకుందా? "అన్నం మాడినా సోయుండది. గా కాయితాలల్ల ఏం దొర్కుతదే నీకు?" అని అత్త కొండవ్వ సతాయించినా నవ్వి ఊరుకునేది. కానీ మొన్నటి నవల గురించి ఆమె చెప్పింది ఇది: "ఏడిపిస్తది. గని ఉత్త ఏడుపు. పోనీకి జాగ లేకుంట జేసి, ఆ పిల్లను మల్ల మొగనింటికే తోలిండు రాసినాయన." లింగమూర్తి బయటికి పోయి, "మస్తు ఏడిపిస్తది మేడం, కొంగు తడుస్తది" అన్నాడు. మిగతా సగం, ఆమె అసలు చెప్పదలుచుకున్న సగం, ఎంగిలి పళ్లెంతో పాటు ఆమె చేతికే తిరిగొచ్చింది. ముందుగదికి కట్టిన తెర వెనక ఆ పళ్లెం తోముతూ అంతా విన్నది.

నాలుగు రోజులకు షమ్షున్నీసా టీచర్ ఆ నవలను తిరిగి తెచ్చి బల్ల మీద పడేసింది.

"ఏం లింగమూర్తీ, గిదా మంచిదన్నది? వాడు గంతగనం కొట్టినా ఆ పిల్ల మల్ల వాని కాడికే ఎందుకు పోయింది?"

లింగమూర్తి తల గోక్కున్నాడు. "సంసారమంటె గట్లనే ఉంటది మేడం. ఆడిదన్నంక..."

తెర జరిగింది. చేతుల మైదా జిగురు కడుక్కోకుండానే బాలలక్ష్మి గడప మీదికి వచ్చింది.

"జాగ ఉంచితె గద మేడం పోతది? ఒక్క అన్న ఉండె, జరమొచ్చి సచ్చిండని రాసిండు. టైపు నేర్సుకుంటనంటె ఆ బడి మూసిపిచ్చిండు. దోస్తుకు లగ్గం జేసి దుబాయి తోలిండు. అన్ని తలుపులు ఆయనే మూసి, ఆమెనే మనసు మార్సుకోని వచ్చిందని రాసిండు."

టీచర్ ఆమెనే చూస్తూ పుస్తకం తెరిచింది. పేజీ అంచున పసుపు వేలిముద్ర. "గీ పసుపు నీదేనా? పసుపున్న కాడ నేను ఆగి రెండుసార్లు చదువుత."

లింగమూర్తి పెద్దగా నవ్వాడు. "ఆమెకేం ఎర్క మేడం, అట్టలేస్తది. పోవే లోపలికి, కూర మాడుతది."

ఆమె లోపలికి పోయింది. కూర మాడలేదు, పొయ్యే ముట్టించలేదు. చల్లటి పొయ్యి ముందర కూర్చుని ఆ నవల పిల్ల గురించే ఆలోచించింది. పాపం, దానికి జాగ లేకుండా చేశారు. మరి తనకెవరు మూశారు? ఆ గడపకు తెరే తప్ప తలుపు కూడా లేదు. ఇన్నేళ్లూ దాని వెనక ఆగింది తానే కదా.

మర్నాడు లింగమూర్తి ముద్ద కలుపుతూ కొత్త నవలను కాలితో చూపించాడు. "ఎట్లున్నదే గిది?"

"మంచిగున్నది. ఎందుకో దుకాణంల చెప్త, మేడం వచ్చినంక. నువ్వు గూడ విను."

ముద్ద నోటిదాకా పోయి ఆగింది. అతను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆమె ముందుగదిలో కూర్చుని ఉంది.

"మొగోడు నిలవడితె నువ్వు కూసుంటవానే?" లోపల్నుంచి కొండవ్వ కేకేసింది.

"అన్నం పెట్టిన అత్తా. ఇగ నాకు పనున్నది."

ఆ పొద్దు లింగమూర్తికి పోయింది పెద్ద ఆస్తేం కాదు. దుకాణంలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ.