అభ్యర్థికి పెళ్ళాం లేదు

మొగుడి తెల్ల గ్లవ్స్ ఇస్త్రీ చేస్తూ మిసావో ఒక వేలు మడత కావాలనే వదిలేసింది. ఆ గ్లవ్స్ తొడుక్కునే హిదెనోరి తొమ్మిది రోజులుగా ప్రచారం వ్యాను నడుపుతున్నాడు. వెనక సీట్లో కజామా రిత్సుకో. ఒకప్పుడు మంచు మీద స్కీ పందేల్లో ప్రపంచ ఛాంపియన్, ఇప్పుడు జపాన్‌లోని నాగానో శాసనసభకు అభ్యర్థి, నలభై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోని మనిషి. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ హిదెనోరి కూనిరాగం తీశాడు. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆ గొంతులో రాగం ఉందని మిసావోకి తెలీదు.

"టీ ఏదీ?" అన్నాడు, వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి.

ఇచ్చింది. వ్యాను మలుపు తిరిగేదాకా ఆగి అత్తగారు అందుకుంది. "చూసుకో అమ్మాయ్. పది చలికాలాలు ఆ పిల్ల వెనకాలే తిరిగినవాడు. నివురుగప్పిన నిప్పు ఊరికే ఆరదు."

నిజమే మరి. హిదెనోరి రిత్సుకో జట్టులో స్కీ చెక్కలు బాగా జారేలా మైనం పట్టించే మనిషి. నవంబరులో జట్టుతో నార్వే, ఫిన్లాండ్ అంటూ వెళ్ళి మార్చిలో ఒక చాక్లెట్ డబ్బాతో తిరిగొచ్చేవాడు. ఈలోపు ఇక్కడ అతిథులకి అద్దెకిచ్చే పన్నెండు గదుల బస, ఇద్దరు పిల్లలు, కప్పు మీద నడుములోతు మంచు, అత్తగారు, అన్నీ మిసావో నెత్తినే. రిత్సుకో బంగారు పతకం గెలిచిన రోజు ఊరంతా టీవీ ముందు చప్పట్లు కొట్టింది. మిసావో ఎంగిలి గిన్నెలు పట్టుకుని వంటింటి గుమ్మంలోంచి చూసింది. తెర మీద తన మొగుడు మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్ల బూట్లు విప్పుతున్నాడు, పసిబిడ్డ మేజోళ్ళు లాగినంత నెమ్మదిగా. ఇంట్లో పెళ్ళాం చెప్పులు దారికి అడ్డొస్తే కాలితో తన్నేవాడే ఆ మనిషి. ఆ రాత్రి మిసావో గుండెల్లో రాజుకున్న మంట ఇప్పటికీ అలాగే ఉంది. మీ మధ్య ఏముందని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఉందంటాడేమోనని భయం.

పోనీ ఇంట్లో ఉన్న నెలల్లో ఏమైనా ఒరగబెట్టాడా అంటే, పాపం, అతనికి ఏ పనీ రాదు. ఒకసారి మిసావోకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. కింద పధ్నాలుగుమంది అతిథులు. అతను గుమ్మంలో నిలబడి, "అయ్యో, నాకు బియ్యం కడగడం కూడా చేతకాదే, ఎలా?" అన్నాడు. ఆ బిక్కమొహం చూసి ఆమెకే జాలేసింది. గోడ పట్టుకుని లేచి వండింది.

ఎన్నికల ఆఫీసులో పెద్దమనుషులకి ఇంకో బెంగ. "అభ్యర్థి అన్నాక పెళ్ళాం ఉండాలయ్యా! ఇంటింటికీ తిరిగి వంగి దణ్ణాలు పెట్టేదెవరు, టీలిచ్చేదెవరు? ఈవిడకి పెళ్ళామే లేదు, ఎలా నెగ్గుతాం?" అని తలలు పట్టుకున్నారు. అందుకని ఊరి ఆడవాళ్ళని పన్నెండుమందిని ఆఫీసు వంటింట్లోకి తోశారు. అన్నం ముద్దలు చుట్టే పని మిసావోది, చెయ్యి మంచిదని. ముద్ద మధ్యలో పెట్టే ఊరగాయ పండు, రిత్సుకోకి వెళ్ళేదాంట్లో మాత్రం వెతికి వెతికి అన్నిటికన్నా చిన్నది పెట్టేది. అంతకంటే ఏం చెయ్యగలదు!

ప్రచారం ఆఖరి రోజు మధ్యాహ్నం రిత్సుకో గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ళ కోసం వంటింట్లోకొచ్చి అన్నం గిన్నె పక్కన నేలమీదే చతికిలబడింది. మిసావో ఆమెని ఆపాదమస్తకం చూసింది. మంచుకి కమిలి నల్లబడ్డ బుగ్గలు, రెండు గోళ్ళు ఊడిన పాదం. ఇందులో ఏం చూసి మురిశాడమ్మా నా మొగుడు, అనుకుంది. రిత్సుకో ముద్ద కొరికి కళ్ళు పెద్దవి చేసింది.

"వదినా! అచ్చం హిదె అన్న చుట్టినట్టే ఉంది. మీకు ఆయనే నేర్పారా?"

"ఏం నేర్పడం?"

"వంట! ఫిన్లాండులో తెల్లారకముందే లేచి జట్టంతటికీ ఆయనే వండేవారు కదా. నాకు జ్వరమొస్తే గంజి కాచి, గుడ్డు కొట్టి పోసి, ఊది మరీ ఇచ్చేవారు. నెలసరి మరకల బట్టలు కూడా చన్నీళ్ళలో ఉతికి ఆరేశారు. 'నువ్వు పరిగెత్తు, మిగతావి నాకొదిలెయ్' అనేవారు. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే ఇంకేం కావాలి! అదృష్టవంతులు మీరు."

మిసావో చేతిలో అన్నం చల్లారిపోతోంది. "మీ ఇద్దరి మధ్య..." అంది.

రిత్సుకో బొంగురు గొంతుతో నవ్వింది. "అయ్యో వదినా! నాకు పందెం తప్ప ఇంకేమైనా కనపడితేగా. ఆయన నాకు అమ్మ."

అబద్ధం కాదని తెలుస్తూనే ఉంది. మిసావో గుండె తేలికపడాలి. పడలేదు సరికదా, భగ్గుమంది. ఇద్దరూ కలిసి పడుకుని ఉన్నా ఇంత మండేది కాదు. మగవాళ్ళు చేసే పాడుపనేలే అని ఏడ్చి ఊరుకునేది. గంజి కాచాడట! ఊది ఇచ్చాడట! వచ్చు, అన్నీ వచ్చు. రానిదల్లా తనకి చెయ్యడమే. ముసలాళ్ళు రిత్సుకోకి పెళ్ళాం లేదని ఏడుస్తున్నారుగానీ, పది చలికాలాలు ఆమెకి బంగారం లాంటి పెళ్ళాం ఉంది. అది తన మొగుడే. వండి, ఉతికి, మోకాళ్ళ మీద కూర్చునే మనిషి ఒకరుంటే ఎవరైనా ఎంత దూరమైనా పరిగెడతారు. 'మిగతావి నాకొదిలెయ్' అని తనతో ఏ మనిషీ, ఒక్కనాడూ అనలేదు. కుళ్ళుకుంది. పతకానికి కాదు, పదవికి కాదు, ఆ ఒక్క మాటకి కడుపునిండా కుళ్ళుకుంది.

ఆదివారం ఓటు మాత్రం రిత్సుకోకే వేసింది. చీటీ మీద అభ్యర్థి పేరు చేత్తో రాయాలి. ఆ పేరు రాస్తుంటే పెన్సిల్ ముల్లు విరిగింది.

రిత్సుకో నెగ్గింది. సోమవారం పొద్దున బసలో పన్నెండుమంది అతిథులు, అందరూ సంబరానికొచ్చిన పట్నం మనుషులు. మిసావో మెలకువగానే ఉన్నా లేవకుండా బొంత కప్పుకుని పడుకుంది. కింద బల్ల మీద చప్పుళ్ళు మొదలయ్యాయి. అత్తగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది, వెనకాలే హిదెనోరి.

"ఏమైంది, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది. కింద అందరూ ఆకలితో ఉన్నారు, వెళ్ళండి."

"నేనెళ్ళి ఏం చెయ్యను? నాకేం వచ్చని?"

"రిత్సుకో నాకు అంతా చెప్పిందండీ."

హిదెనోరి మొహం పాలిపోయింది. అత్తగారు గుండెలు బాదుకుంది. "అయ్యో అయ్యో! నే చెప్పలా? ఒప్పుకుందా మహాతల్లి! ఏమని చెప్పిందే?"

మిసావో అటువైపు తిరిగి పడుకుని బొంత గడ్డందాకా లాక్కుంది.

"మీ అబ్బాయికి వంట వచ్చట, అత్తయ్యా."