పొయ్యి మేస్త్రీకి శిష్యులు కావాలి

ఈ బోర్సోకులు చాలవు, పొద్దున్నే లేచి అంత పిండి కలిపి నూనెలో వేయించినా చాలవు, అతిథులు నలుగురే గానీ మా హెడ్మాస్టరు తెమిర్‌కాన్ గారొక్కరే నలుగురి పెట్టు, ఉపన్యాసం మధ్యలో కూడా ఆయన చెయ్యి పళ్ళెం మీదికే పోతోంది, పోనీలే నాకెందుకు, తొమ్మిదో తరగతి పిల్లలకి చేతిపనులు పరిచయం చేసే రోజు ఇది, జుమాగుల్ నువ్వే నడిపించు అన్నారు, నడిపిస్తున్నాను, పొద్దుట్నుంచీ ఒకటే పాట, పిల్లలూ, అందరూ డాక్టర్లయి కూర్చుంటే ఈ నరిన్ కొండల చలిలో మన ఇళ్ళు వెచ్చబెట్టేదెవరు, మంచి గురువు దగ్గర చేరితే పనీ వస్తుంది, పరువూ వస్తుంది, ఆహా, చెబుతుంటే నా కళ్ళే చెమర్చాయి, మొదటి బెంచీలో నా కూతురు ఐజిరెక్ కూడా చెంపకి చెయ్యానించి వింటోంది, పాపం దానికి అక్కర్లేని మాటలు, అది డాక్టరవుతుంది, మా అత్తగారు మంచంలోంచే వీధంతా చాటేసింది, పక్కింటావిడ అప్పుడే మోకాలు చూపించి మందు కూడా అడిగింది.

ఇదిగో, ఇక్కడొచ్చింది చిక్కు, వెల్డింగ్ ఆయన నిప్పురవ్వలు చూపించాడు, మగపిల్లలు నోళ్ళు తెరిచారు, దర్జీ ఆవిడకీ వంటాయనకీ చేతులు బాగానే లేచాయి, ఇక చివర్న ఇల్లు వెచ్చబెట్టే ఇటుక పొయ్యిలు కట్టే సాత్కిన్‌బై, గడ్డంలో మట్టి, చేతిలో టోపీ, లేచి నిలబడ్డాడు, పొయ్యి కడతాను, చలి పోతుంది అన్నాడు, కూర్చోబోయాడు, అయ్యో బైకే, పెద్దన్నగారూ, ఇంకొంచెం చెప్పండి అన్నాను, ఏం చెప్పనమ్మా, పొగ బయటికి పోవాలి, వేడి లోపలుండాలి, కాపురమైనా అంతే కదా అన్నాడు, పిల్లలు పకపకా నవ్వారు, నవ్వితే నవ్వారు, నాకు శిష్యులు కావాలి, మొన్నొచ్చినవాడు టాక్సీ నడుపుకుంటానని పారిపోయాడు, ఎవరొస్తారు అని ఆయన అడగ్గానే నవ్వులన్నీ ఎటు పోయాయో, ఒరే బెక్‌తుర్, బెంచీ కింద ఏం వెతుకుతున్నావురా, చెవిపోగు పడిపోయిందా, ముసలాయన టోపీ తిప్పుకుంటూ నిలబడే ఉన్నాడు, ఒక్క చెయ్యి, దేవుడా, నా పరువు కోసం ఒక్క చెయ్యి, లేచింది, నా ప్రాణం లేచొచ్చింది, భేష్, చప్పట్లు కొట్టండర్రా అన్నాను, కొట్టారు, ఆ తర్వాత చూశాను ఆ చెయ్యి ఎవరిదో, ఆ చొక్కా చెయ్యి పొద్దున నేను ఇస్త్రీ చేసిందే.

దించు, చెయ్యి దించు అని కళ్ళతో ఉరుముతున్నాను, అది నా వైపు చూస్తేగా, అమ్మాయీ, ఇటుకలు బరువుంటాయి అంటున్నాడాయన, మా నాయనమ్మ కంటేనా తాతా, రోజూ ఆవిడని మంచం మీంచి లేపి కూర్చోబెట్టేది నేనే అంటోంది ఇది, క్లాసు క్లాసంతా గొల్లుమంది, కెమిస్ట్రీలో ఫస్టు వచ్చే పిల్ల, తెల్ల కోటుకి గుడ్డ కూడా కొని దాచాను, మరి ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటారా, ఎవరి పిల్లవమ్మా నువ్వు అని అడిగాడు ముసలాయన, అన్ని తలలూ ఒక్కసారి నా వైపు తిరిగాయి, హెడ్మాస్టరు నోట్లో ముక్క మింగి, ఆ తల్లి ఇక్కడే ఉంది లెండి, ఒప్పుకోకేం, పొద్దుట్నుంచీ చెబుతోంది ఆవిడేగా అన్నారు, ఈ మనిషికి ఇంకో బోర్సోకు పెడితే ఒట్టు.

అప్పుడు లేచింది ఐజిరెక్, బళ్ళో అందరిలాగే నన్ను టీచరక్కా అన్నట్టు ఎజే అనే పిల్ల, అమ్మా అంది, నువ్వు చెప్పిందంతా నిజమేనా, నాకు ఇష్టమమ్మా, పోయిన చలికాలం మనింటి పొయ్యి ఎవరో వేరే మేస్త్రీ విప్పి కట్టినప్పుడు రోజంతా చూస్తూ కూర్చున్నాను, ఇంట్లో చెప్పడానికి భయమేసింది, ఇవాళ నువ్వే చెబుతుంటే ధైర్యం వచ్చింది అంది, దాని కింది పెదవి వణుకుతోంది, అల్లరికి ఎత్తిన చెయ్యి కాదది, అత్తగారు ఇల్లెగరగొడుతుంది, పక్కింటావిడ మోకాలు ఇంక ఎవరూ చూడరు, శనివారం పంపిస్తాను బైకే, పాత బట్టలేసి పంపిస్తాను అంటోంది ఎవరో, గొంతు నాదే, ఐజిరెక్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలీదు, చూస్తూ నిలబడ్డాను, ఇంతమందికి ఇంతసేపు చెప్పాను, అందరూ విన్నారు, నమ్మింది మాత్రం నా కూతురొక్కతే, నేను కూడా నమ్మలేదు.