శబ్దం లేని బండి

ఓబుళేశుకు కావాల్సింది ఒక్కటే. కృష్ణవేణమ్మ కింద పడకుండా కూచునే బండి.

భార్యకు కిడ్నీలు చెడిపోయినాక మైదుకూరు విడిచి కడపలో ఒక గది బాడుగకు తీసుకున్నాడు. దినం విడిచి దినం తెల్లవారకముందే ఆసుపత్రికి పోయి ఆమెకు రక్తం కడిగించాల. ఆ పొద్దులో వాళ్ల సందుకు ఆటో రాదు. స్కూటరు ఎక్కిస్తే చిన్న చక్రాలకు గుంత గుంతకూ ఆమె మూలుగుతుంది. ఓబుళేశుకు ఉన్న మోటారు బండికి వెనక సీటు ఎద్దు మూపురం మాదిరి పైకి లేచి ఉంటుంది. మొన్నొకసారి తిరిగొస్తా ఆమె స్పృహ తప్పి జారిపోయింది. ఓబుళేశుకు తెలియనే లేదు. వెనక వాళ్లు కేకలేస్తే తిరిగి చూసినాడు. రోడ్డు మీద పడి ఉంది. ఆమె తలకు జానెడు దూరంలో లారీ నిలిచి ఉంది.

సూదులు పొడిచే ఎడమ చేత్తో దేన్నీ గట్టిగా పట్టుకోకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఇంకోసారి పడితే మనిషి దక్కదు. రేపు మళ్లీ పోవాల.

ఊర్లో ఉన్న పాడి ఎనుమును అమ్మి, రాజంపేట రోడ్డులో పాత బండ్లు అమ్మే షెడ్డుకు ఆమెను తోడుకొని పోయినాడు. పాత కాలం మాదిరిది, పొడుగ్గా సమంగా సీటు ఉండేది చూపమన్నాడు. షెడ్డు నడిపే భూపేష్ నవ్వి, అవి కాలేజీ పిల్లోళ్లు అడిగే బండ్లు, పెద్దాయనకు వయసు తిరిగొచ్చినట్టుండాదే అన్నాడు.

భూపేష్ నల్ల బండి ఒకటి స్టార్ట్ చేసినాడు. డుగ్గు డుగ్గుమని నేల అదిరింది. పడుచుదనంలో ఓబుళేశు ఆ శబ్దం వింటే చేతిలో పని విడిచి రోడ్డుకు వచ్చేవాడు. నోరు తెరిచి చెప్పకపోయినా ఆ ఆశ కృష్ణవేణమ్మకు తెలుసు. ధర కూడా కుదిరింది. ఆమె తానే ముందుగా ఎక్కి కూచుంది. ఒక చుట్టు తిరిగొచ్చినారు.

దిగినాక ఆమె ఊరికే నిలబడింది. నచ్చలేదా అంటే నచ్చిందనింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"రెండు తూర్లు పిలిస్తి. నువ్వు పలకలేదు."

ఓబుళేశు బండికి స్టాండు వేసి, దాని ట్యాంకు మీద ఒకసారి చెయ్యి పెట్టి తీసేసినాడు.

"శబ్దం లేనిది చూపించప్పా."

ఆ శబ్దం కోసమే జనం దుడ్డు పోసి సైలెన్సర్లు మారుస్తాండారని భూపేష్ వాదించినాడు. ఆఖరుకు మూలనుండే పచ్చ బండి బయటికి తీసినాడు. అక్కడక్కడా రంగు లేచింది. గుండ్రం లైటు, సమం సీటు. కుట్టు మిషను మాదిరి కొట్టుకుంటుంది, ఎవురూ అడగరన్నాడు.

ఎక్కించుకుని, మాట్లాడతానే ఉండమన్నాడు ఆమెను. పాలు విరిగింది చెప్పింది. పక్కింటి విశ్వాసమ్మ పులుసు ఇచ్చింది చెప్పింది. మాట ఆగింది. ఓబుళేశు నడిరోడ్డులో బ్రేకు తొక్కినాడు.

"ఏమాయ మే?"

"ఏమీ లేదు. చెప్పేది అయిపాయ."

"అయితే తిట్టు."

"ఎందుకు?"

"ఇన్నేండ్ల కాపురంలో తిట్టేదానికి ఏమీ లేదా? తిట్టు."

ఆమె మొదలుపెట్టింది. పెండ్లిలో వాళ్ల నాయనతో ఒక మాటైనా మాట్లాడలేదని మొదలు. షెడ్డు చేరేసరికి ఇంకా మొదటి ఏడాదిలోనే ఉంది. ఆ బండే కొన్నాడు.

మర్నాడు ఆసుపత్రికి పోయేటప్పుడు బాగానే తిట్టింది. తిరిగొచ్చేటప్పుడు మనిషి పత్తి మూట మాదిరి వీపు మీద వాలింది. తువ్వాలుతో ఆమె నడుమును తన నడుముకు కట్టుకున్నాడు. రెండు వీధులు దాటినాక మాట సన్నబడింది. మూడో మలుపులో వినబడలేదు.

బండి పక్కకు తీసి కాలు ఆనించినాడు. తిరిగి చూసేదానికి ధైర్యం చాలలేదు.

"తిట్టు మే," అన్నాడు. "తిట్టు."

లారీలు పోతాండాయి. ఇంజను చిన్నగా కొట్టుకుంటాంది. ఎండ చురుక్కుమంటాంది.

"శనక్కాయలు..." అనింది ఆమె, వీపుకు పెదవులు ఆనించి. "వానకు తడిసె... ఎత్తమంటే... ఎత్తితివా నువ్వు..."

"ఎత్తలేదు," అన్నాడు ఓబుళేశు. "ఇంకా చెప్పు." మెల్లగా క్లచ్చి వదిలినాడు.