బతికున్నవాడికి నివాళి

సినిమా అవార్డుల ఫంక్షన్‌లో ఆ ఏడాది పోయినవాళ్ళ ఫోటోలు వెయ్యడం మొదలుపెట్టగానే ఇస్త్రీ వదిన కుర్చీని టీవీకి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. మరిది ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. ముందు ఒక పాత హీరో వచ్చాడు. తర్వాత ఒక పాటల రచయిత, ఆ తర్వాత కుక్కపిల్లని ఎత్తుకున్న నిర్మాత. అప్పుడు "లైట్లన్న, ముప్పై ఎనిమిదేళ్ళ సేవ" అని అక్షరాలు పడ్డాయి. ఆ అక్షరాల మీద మరిది మొహం ఉంది. నిక్షేపంగా, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ.

"వదినా, నేనెప్పుడు పోయాను?" అన్నాడు మరిది.

తెర మీద వేరే ఎవరో వచ్చేశారు. ఇస్త్రీ వదిన అలాగే టీవీ వైపు చూస్తూ కూర్చుంది.

స్టూడియోలో దుస్తుల గదిలో పాతికేళ్ళుగా ఇస్త్రీ చేస్తోంది కాబట్టి ఆమెను అందరూ ఇస్త్రీ వదిన అంటారు. ఆమె మొగుడు లైట్‌మేన్లందరికీ పెద్ద, లైట్లన్న. ఏడు నెలల కింద గుండె ఆగి పోయాడు. ఆయన తమ్ముడు, అంటే ఈ మరిది, షూటింగులకి జనరేటర్ వ్యాన్ నడుపుతాడు. ఈసారి తెర వెనక పనిచేసినవాళ్ళకి కూడా నివాళి ఇస్తాం, ఫోటో పంపండి అని ఫంక్షన్ వాళ్ళే ఫోన్ చేశారు. ఆమె ఇల్లంతా తిరగేసింది. ఒక్కటంటే ఒక్క ఫోటో దొరకలేదు. ఎలా దొరుకుతుంది? కెమెరా లేచిందంటే లైట్‌మేన్ పక్కకి తప్పుకోవాలి, అదీ ఉద్యోగం. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో ఎవరైనా ఫోన్ ఎత్తి ఫోటో అన్నా ఆ మహానుభావుడు గబుక్కున తలుపు వెనక్కి వెళ్ళిపోయేవాడు. చివరికి అన్నదమ్ములిద్దరూ సెట్‌లో నిలబడ్డ ఫోటో ఒకటి దొరికింది. అందులోనూ లైటు తమ్ముడి మీదకి తిప్పి, తను వెనక చీకట్లో నిలబడ్డాడు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు. భుజం ఉంది, చెయ్యి ఉంది, మొహం ఉండాల్సిన చోట నలుపు ఉంది. "ఎడమ పక్క ఉన్నాయన" అని రాసి మరీ పంపింది. ఫంక్షన్ వాళ్ళ ఆఫీసులో కూర్చున్న ఘనుడు ఆ నలుపు చూసి, ఇందులో ఇంకో మనిషున్నాడని కూడా అనుకోకుండా, వెలుగులో ఉన్నవాణ్ణి కత్తిరించి పెట్టాడు.

ఆ ఫోటోలో ఉన్నవాడు బతికే ఉన్నాడని స్టూడియో వాళ్ళెవరో ఫోన్‌లో పెట్టారు. తెల్లారేసరికి లోకమంతా ఇదే మాట. మరిది నవ్వుతున్న ఫోటోకి రెక్కలు తగిలించారు, మేఘాలు తగిలించారు. "పోయినేడు ఒకరి అవార్డు ఇంకొకరికిచ్చి లాక్కున్నారు, ఈసారి ఏకంగా ప్రాణమే లాక్కున్నారు" అని ఒకడు. "లైట్లేసేవాళ్ళ ఫోటోలు ఎవడడిగాడు, ఆ టైములో ఇంకో డాన్సు పెట్టొచ్చుగా" అని ఇంకొకడు. కాస్త బుద్ధున్నవాళ్ళు "నిర్వాహకులు ఆ పెద్దమనిషికి క్షమాపణ చెప్పాలి" అన్నారు. ఏ పెద్దమనిషికి? బతికున్నాయనకి! బస్సులో, మంగలిషాపులో, స్టూడియో గేటు దగ్గర ఇదే నవ్వు. ఇంతమందికి నోళ్ళున్నాయి. పోయినవాడెవడు అని అడగడానికి మాత్రం ఒక్కడికీ నోరు రాలేదు.

"లోకులు కాకులు వదినా, పట్టించుకోకు" అన్నాడు మరిది.

"కాకుల్ని అనకు. కాకి చచ్చిపోతే పది కాకులొచ్చి అరుస్తాయి. వీళ్ళకి ఆ మాత్రం కూడా లేదు" అంది ఆమె. ఆ రోజు ఆమె పెట్టె రుద్దిన రుద్దుడికి రెండు చొక్కాలు కాలాయి.

మూడో రోజు మరిదికి ఫోన్ వచ్చింది. ఆదివారం సాయంత్రం వదిన పనిచేసే స్టూడియోలోనే, ఫంక్షన్ బాగా జరిగినందుకు ఇంకో ఫంక్షన్. లైవ్. మీరు స్టేజీ మీదకి రావాలి, హీరోగారు మిమ్మల్ని కౌగిలించుకుంటారు, జనం కోరుతున్నారు అన్నారు. మా అన్న ఫోటో వేస్తేనే వస్తానన్నాడు మరిది. చూద్దామన్నారు.

ఆ చూద్దాం సంగతేమిటో తేల్చుకుందామని ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీ వదిన ప్రోగ్రాం ఇన్‌చార్జి గదికి వెళ్ళింది. అతను మర్యాదగానే కూర్చోమన్నాడు. కంప్యూటర్‌లో ఫోటో తెరిచి వెలుగు పెంచి చూపించాడు. నలుపు కాస్తా బూడిద రంగైంది, అంతే.

"చూశారా అమ్మా? ఇందులో మొహమే లేదు."

"ఉన్నది ఉన్నట్టే వెయ్యండి బాబూ. చీకటైతే చీకటే. కింద ఆయన పేరుంటే చాలు."

"తెర నల్లగా కనబడితే మళ్ళీ ఏదో పాడైందనుకుంటారమ్మా. జనం ఏమంటారో చూసుకోవాలి కదా."

"జనం, జనం! ఏడుపు నాది, అభిప్రాయం జనానిదా?"

అతను కంప్యూటర్ మూసేశాడు. "మీరు మాత్రం ఇలాంటి ఫోటో ఎందుకు పంపారమ్మా? తప్పు మా ఒక్కరిదే కాదు."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పాతికేళ్ళ కాపరంలో మొగుణ్ణి ఒక్కసారైనా చెయ్యి పట్టుకుని వెలుగులో నిలబెట్టి ఫోటో తియ్యలేదే అని ఆమె ఏడు నెలలుగా తనను తానే తిట్టుకుంటోంది. ఆ మాట ఇంకొకడి నోట వినేసరికి ఒళ్ళు మండిపోయింది. లేచి వచ్చేసింది.

సాయంత్రం హీరోగారి కోటు ఇస్త్రీ చేసి, చేతి మీద వేసుకుని స్టేజీ పక్కన తెరల దగ్గర నిలబడింది. మరిదిని పిలిచారు. ఇన్‌చార్జి మాట అతని దాకా రాలేదు, ఫోటో వేస్తారనే అనుకున్నాడేమో, మంచి చొక్కా వేసుకుని వచ్చాడు పాపం. యాంకర్ అతని మూతి దగ్గర మైకు పెట్టాడు.

"చెప్పండి సార్, పైన ఎలా ఉంది? ఏర్పాట్లు బాగున్నాయా?"

హాలంతా గొల్లుమంది. మరిది మైకు తీసుకున్నాడు. "పోయింది మా అన్నయ్యండీ. ఆయన..."

"చూశారా, అన్నయ్యంటే ఎంత ప్రేమో! ఆయన బదులు తమ్ముడే పైకెళ్ళి చూసొచ్చాడు! చప్పట్లు!"

చప్పట్లు కొట్టారు. హీరోగారు రెండు చేతులూ చాపి మరిది వైపు వచ్చాడు. మరిది మైకు వదలకుండా ఇంకా మా అన్నయ్యండీ, మా అన్నయ్యండీ అంటూనే ఉన్నాడు.

సెట్‌లో ఒక పద్ధతి ఉంది. కింద నుంచి ఎవరైనా సరే ఆర్పమని అరిస్తే, పైన ఉన్న లైట్‌మేన్లు ఎవరు, ఎందుకు అని అడగకూడదు. ఎవడో కరెంటు తీగ పట్టుకుని ఉండొచ్చు, అడిగేలోపల ప్రాణం పోతుంది. ముందు ఆర్పాలి, తర్వాత అడగాలి. ఆ పైన ఉన్నవాళ్ళందరికీ ఈ పాఠం నేర్పింది లైట్లన్నే.

"ఆర్పెయ్యండ్రా!" అని అరిచింది ఇస్త్రీ వదిన.

టపటపమని అన్నీ ఆరిపోయాయి. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. ఆమె కోటు కింద పడేసి, అలవాటైన స్టేజీ కాబట్టి నాలుగడుగుల్లో మరిది దగ్గరికి వెళ్ళి మైకు లాక్కుంది. మైకు ఇంకా పనిచేస్తోంది.

"ఇదీ మా ఆయన ఫోటో. బాగా చూడండి. మీరంతా మెరుస్తుంటే ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన నిలబడింది ఇక్కడే."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎవడ్రా నవ్వింది? నీ మొహం నలుగురికీ కనబడిందంటే ఎవడో వెనకాల లైటు పట్టుకున్నాడు కాబట్టే! ఆ సంగతి తెలిసి నవ్వు!"

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. లైట్లు వచ్చేసరికి హీరోగారు ఇంకా చేతులు చాపే ఉన్నాడు.

ఇన్‌చార్జి లైట్‌మేన్ల మీద విరుచుకుపడ్డాడు. "ఆర్పమన్నారు, ఆర్పాం. అదే రూలు" అన్నారు వాళ్ళు, ఒక్కడూ తల వంచకుండా. ఇస్త్రీ వదినని రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె తన ఇస్త్రీ పెట్టె తను తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున మరిది వంటింటి గడప మీద కూర్చుని ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాడు. "మళ్ళీ కరెంటు పోయింది, వీళ్ళకి ఒక్క ఫంక్షనూ చేతకాదు." "ఆ ముసలావిడకి పిచ్చి." "అంతా ముందే రాసుకున్న నాటకం." "హీరోగారి కోటు నలిగిపోయింది."

"చాల్లే చిన్నోడా, ఆపు. ఇక వినలేను" అంది ఆమె.

అతను ఆపాడు. కానీ వేలు ఇంకా తెర మీదే ఉంది. "వదినా, ఎవడో ఇలా అడిగాడు. ఇంతకీ పోయినాయన ఎవరు, ఎలా ఉండేవారు అని."

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది. తిట్లన్నీ నోటి దాకా వచ్చి ఉన్నాయి. ఇన్ని రోజులకి అడిగాడా ఒక్కడు అనుకుంది. కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"రాయి" అంది. "కుడి కనుబొమ్మ మీద మచ్చ ఉండేది, బల్బు పేలి పడింది. ముక్కు నీ ముక్కులా చప్పిడిది కాదు. ఎండకి కళ్ళు చికిలించేవాడు, నవ్వితే ఎడమ బుగ్గ ఒక్కటే లేచేది... రాస్తున్నావా?"

"రాస్తున్నా వదినా."

"మెల్లగా చెప్తాను. ఒక్కటీ వదలకు."