పైన పూసిన దేవదారు

చిత్రిక పట్టే రందా రెండో తోపుకే ఇరుక్కుంది. అబ్బయ్య పలక మీద బొటనవేలు రాశాడు. జిగురు అంటింది.

ఇది దేవదారు కాదు. జిగురు కారే పైన్ చెక్క.

నాచారం షెడ్డులో సర్వే యంత్రాలకు పెట్టెలు చేయడం అతని పని. ఆ పెట్టెలు రేవుల్లో నెలల తరబడి తేమలో పడి ఉంటాయి. దేవదారుకు పురుగు పట్టదు, చెమ్మకు తొందరగా కుళ్లదు. అందుకే హిమాలయాల నుంచి తెప్పిస్తారు. అబ్బయ్య వాసన చూసి ముద్ర వేస్తేనే లోడు లోపలికి వస్తుంది.

మూడేళ్ల కిందట విషజ్వరంలో అతని ముక్కు పనిచేయడం మానేసింది. చెబితే ఉద్యోగం పోతుంది. ఎవరికీ చెప్పలేదు. పలకను ముక్కుకు ఆనించడం నటన, అసలు పరీక్ష రందాతోనే.

ఈ లోడు తెచ్చింది స్టోర్ కీపర్ చిదంబరం, కాకినాడ మనిషి. అబ్బయ్య భార్య లూర్దమ్మ పోయాక అతనితో రోజూ మాట్లాడేది చిదంబరం ఒక్కడే. ఆదివారం ప్రార్థన అయ్యాక సోమవారం చిదంబరం కనిపించేదాకా అబ్బయ్య నోరు తెరిచే పనే ఉండదు.

చిదంబరం నవ్వుతూ వచ్చాడు. "ఘుమఘుమలాడుతోందా? నూటయాభై అడుగుల చెట్టయ్యా! మంచు కప్పేసినా ఆకు పచ్చగానే ఉంటుందట. నువ్వేమో ఎండకే వాడిపోతావు."

"నీ నోరు పడ! పొద్దుగాల్నే మొదలువెట్టినవా?"

వెనకే మేనేజరు రామ్మోహనరావు వచ్చి గట్టిగా పీల్చాడు. "బ్రహ్మాండం. ముద్ర వేసెయ్ అబ్బయ్యా."

చిదంబరం వేళ్లు నూనెతో మెరుస్తున్నాయి. అబ్బయ్యకు అర్థమైంది. చవక చెక్క కొని, వాసన కోసం దేవదారు నూనె పైన పూశాడు.

ముద్ర వేస్తే స్నేహితుడు మిగులుతాడు. రేపు పెట్టెలు కుళ్లితే దొరికేది ఆ ముద్ర వేసినవాడే.

"సారూ, జర ఆగున్రి."

పాతిక తోపులు తోశాడు. అడుగునుంచి లేచిన పొట్టు తీసి మేనేజరు చేతిలో పెట్టాడు.

"ఇదేమిటి, టర్పెంటైన్ కంపు!" రామ్మోహనరావు చిదంబరం వైపు తిరిగాడు. "తాళాలు ఇటివ్వండి. ఇంటికి వెళ్లండి."

గేటు దగ్గర అబ్బయ్య అతన్ని అందుకున్నాడు.

"రెండు డబ్బాల నూనె పూశాను," అన్నాడు చిదంబరం. "ఎలా పసిగట్టావయ్యా?"

"పసిగట్టలే. మూడేండ్ల సంది నాకు ఏ వాసనా రాదు."

చిదంబరం నిలబడిపోయాడు. "ఇప్పుడే లోపలికెళ్లి చెప్పానంటే నీ పనీ అయిపోతుంది."

"చెప్పు పో. నీకు చెప్పాల్నని మస్తు సార్లు అనుకున్న."

చిదంబరం ఒకసారి షెడ్డు వైపు చూశాడు. ఉప్పల్ బస్సు వచ్చింది. లోపలికి వెళ్లకుండా అదెక్కేశాడు.

లోపలికి రాగానే రామ్మోహనరావు తాళాలగుత్తి అబ్బయ్య చేతిలో పెట్టి భుజం తట్టాడు.

"ఇక స్టోర్ కూడా నువ్వే చూసుకో. ఇంకో మనిషి అక్కర్లేదు."