ఘారీ మీద చల్లిన పొడి

మా ఆయన నర్సింగం కాలి కట్టు విప్పితే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. బొటనవేలి పక్క వేలికి పుండు. బట్ట నేసే సాంచాల కార్ఖానాలో కింద పడి ఉన్న నూలు బాబిన్ మీద కాలు వేశాడట. రక్తం కారుతోందని పక్క సాంచాలు నడిపే అంబదాస్ చూసి చెబితే గానీ ఈయనకు తెలియలేదట. "నొప్పే లేదే, ఊకో" అన్నాడు నాతో. నొప్పి లేదని మురిసిపోయాడు, మహానుభావుడు!

సూరత్‌లో మేముండే అమ్రోలిలో, మా సందుకు దగ్గర్లోనే మన తెలుగు డాక్టరమ్మ ఉంది, సింధూజ. ఆమె పుండు చూసింది, రక్తపరీక్ష కాగితం చూసింది, ఆ తర్వాత నా ముఖం చూసింది. "షుగర్ ఇలాగే ఉంటే పుండు మానదమ్మా. మానకపోతే వేలు తీసేయాలి. పాదానికి పాకితే ఇంకా పైదాకా తీయాల్సి వస్తుంది" అని దాచకుండా చెప్పింది. పొద్దస్తమానం నిలబడి సాంచాలు నడిపేవాడికి పాదమే లేకపోతే ఇక బతుకేముంది? ఆ రోజు నుంచి నాకు ఒకటే పని. ఆ వేలు పోకుండా చూసుకోవాలి.

ఇంట్లో చక్కెర డబ్బా ఖాళీ చేసి, కడిగి, పెసరపప్పు పోశాను. ఈ సూరత్‌లో అది మాటలు కాదు. ఇక్కడ పప్పులో బెల్లం, కూరలో చక్కెర. పక్కింటామె ప్రేమగా పంపే గిన్నెలో ఎక్కడ వేలు పెట్టి నాకినా తీపే తగులుతుంది. ఇక కార్ఖానాలో ఇచ్చే చాయ్ చాయ్ కాదు, పాకం. తాగిన గ్లాసు కింద పెడితే నేలకు అతుక్కుంటుంది.

డాక్టరమ్మ రాసిన మందు గోలీ చేప కంపు కొడుతుందని, కడుపు తిప్పుతుందని ఈయన రోజూ గునిసేవాడు. చప్పటి చాయ్ తన వల్ల కాదని ఆమె ముందే గోల పెట్టాడు. అప్పుడామె, చక్కెర బదులు వేసుకునే తీపి గోలీలు మెడికల్ షాపులో దొరుకుతాయని చెప్పి, చాయ్‌లో ఒకటి వేసుకోమంది. బుల్లి డబ్బా అది. నొక్కితే తెల్లటి చిన్న గోలీ టప్పున చాయ్‌లో పడుతుంది. నేనూ ఒక గుక్క తాగి చూశాను. ఛీ! పుక్కిలించినా పోదు, అన్నం తిన్నా పోదు. రేకు ముక్క నాకినట్టు సాయంత్రం దాకా నాలుక మీదే ఉంది ఆ తీపి. ఆయనకు మాత్రం తెగ నచ్చింది. చొక్కా మార్చినా జేబులో ఆ డబ్బా ఉండాల్సిందే.

పుండు మాత్రం మానలేదు. రోజూ ఉదయం నేనే ముక్కుకు కొంగు కట్టుకుని కడిగేదాన్ని. చీము తుడిచిన దూదిని చూస్తే వాంతి వచ్చేది. సబ్బుతో ఎన్నిసార్లు చేతులు రుద్దుకున్నా, రొట్టె తుంచి నోట్లో పెట్టుకోబోతే అదే వాసన. బాత్రూం మూలన చీమలు బారులు తీరేవి. కట్టుకున్నవాడి మీద అసహ్యపడకూడదంటారు. పడ్డాను, ఏం చేయను? పడుతూనే కడిగాను.

మళ్లీ పరీక్ష చేయిస్తే షుగర్ తగ్గకపోగా పెరిగింది.

"ఏం తింటున్నవయ్యా నాకు తెల్వకుండ?" అని నిలదీశాను.

"నువ్వు పెట్టిందే తింటున్న. గోలీ గూడ ఏస్కుంటున్న. నీ మీద ఒట్టు."

నా మీద ఒట్టు పెట్టాడు కదా అని నమ్మాను. వేలు గోరు చుట్టూ నల్లబడింది.

అంతలో చందనీ పడ్వా పండగ వచ్చింది. ఆ సాయంత్రం సూరత్‌లో ఎవరూ ఇంట్లో ఉండరు. ఘారీ డబ్బాలు పట్టుకుని కొందరు డాబాలెక్కుతారు, కొందరు రోడ్డు పక్కనే చాపలు పరుస్తారు. ఘారీ అంటే కోవా, చక్కెర కూరిన లావుపాటి బిళ్ల. నేతిలో వేయించి మళ్లీ నేతిలోనే ముంచుతారు. పైన నెయ్యి తెల్లగా, మందంగా పేరుకుని ఉంటుంది. ఊరంతా అది తింటుంటే, కార్ఖానావాళ్లతో పైకెళ్లిన మా ఆయన మనసు చంపుకుని కూర్చున్నాడేమో పాపం అని, జొన్నరొట్టె, ఉల్లికారం పట్టుకుని మా బిల్డింగ్ డాబా మీదికి వెళ్లాను.

పాపమట, పాపం!

చాప మీద కార్ఖానావాళ్లంతా కూర్చున్నారు. ఈయన ముందు కాగితం ప్లేటు నిండా ఘారీ. జేబులోంచి ఆ బుల్లి డబ్బా తీసి అరచేతిలోకి గోలీలు నొక్కుకున్నాడు. వాటిని ప్లేటు అంచున పెట్టి గ్లాసు అడుగుతో నలిపాడు. ఆ పొడిని, జామకాయ మీద ఉప్పు చల్లినట్టు ఘారీల మీద చల్లాడు. అంబదాస్ ప్లేటు చాపితే అందులోనూ చల్లాడు. ఈయన కొరికితే నెయ్యి మీసాలకు అంటుకుంది. వేళ్లు నాకి, ఆ వేళ్లతోనే చీము ఊరిన కట్టును సర్దుకుని, మళ్లీ ఘారీ అందుకున్నాడు.



"ఏందయ్యా అది? ఏం జేస్తున్నవ్?"

దొంగతనం దొరికిపోయినవాడి ముఖం కాదు ఆయనది. పైగా నా మీదే విసుక్కున్నాడు. "అందరి ముందట గిట్ల లొల్లి జేస్తవేందే? మందు చల్లుకోనే తింటున్న గద!"

"ఏం మందు?"

"షుగర్ గోలీ! ఇది పడితె చక్కెర సచ్చిపోతది. చాయ్‌ల ఒకటి, ఘారీకి నాలుగు. తీపి ఎక్కువుంటె జర ఎక్కువ ఏస్కోవాలె."

"మరి డాక్టరమ్మ రాసిచ్చిన గోలీ?"

"ఆ చేపల కంపుదా? ఎన్నడో బంద్ జేసిన. రెండూ షుగర్ గోలీలే అయినంక రెండెందుకు? మెడికల్ షాపుల అమ్మేది మందు గాక మిఠాయా?"

చాప మీద ఉన్నవాళ్లంతా నిజమేనన్నట్టు తలలూపారు. నేను ప్లేటు లాక్కుని చెత్తబుట్టలో కొట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే పిట్టగోడ దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను.

మర్నాడు లాక్కెళ్లి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను. నేను చెప్పిందంతా విని ఆమె ఆ డబ్బా చేతిలోకి తీసుకుంది.

"ఇది మందు కాదు నర్సింగం గారూ. చక్కెర మానేసినవాళ్ల నాలుకకు తీపి తెలియడానికి, అంతే. ఒంట్లో చక్కెరను ఇది ముట్టుకోదు. ఘారీ మీద ఎంత చల్లుకున్నా ఘారీలో చక్కెరంతా మీ రక్తంలోకే పోతుంది."

"ఒక్క జర్ర గూడ తగ్గియ్యదా మేడం?" అని అడిగాడు మా ఆయన. ఆ అడగడంలో ఉన్న అమాయకత్వానికి నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి.

ఆమె కట్టు విప్పి చూసి, వెంటనే పెద్దాసుపత్రికి రాసిచ్చింది. అక్కడ ఆ వేలు తీసేశారు. దాని పక్క వేలూ తీసేశారు. పాదం మిగిలేదీ లేనిదీ ఇప్పుడే చెప్పలేమన్నారు.

మూడో రోజు కార్ఖానావాళ్లు చూడటానికి వచ్చారు. చేతుల్లో మామిడి రసం డబ్బాలు, క్రీం బిస్కెట్లు! రోగి దగ్గరికి తీపి లేకుండా పోకూడదని ఎవడు పెట్టాడో గానీ ఈ ఆచారం, వాడి నోట్లో మన్ను పడ. అన్నీ తీసి మంచం కిందికి తోసేశాను.

అంబదాస్ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "పరేషాన్ గాకు వదినె, అన్నకు మంచిగైతది" అంటూ జేబులోంచి తీశాడు, అదే బుల్లి డబ్బా. "నాకు గూడ షుగర్ ఉన్నది గద. అన్న చెప్పిన కాన్నుంచి నేను గూడ గియ్యే ఏస్కుంటున్న. ఆ కంపు గోలీ బంద్ పెట్టిన."

నర్సింగం లేవబోయి లేవలేకపోయాడు. "పారెయ్‌రా తమ్మీ దాన్ని. అది మందు గాదట" అని గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"చెప్పులిడువు అంబదాసూ" అన్నాను.

"ఎందుకు వదినె?"

"ఇడువుమన్న గద!"

నేలమీద కూర్చుని అతని పాదం ఒళ్లోకి లాక్కున్నాను. "అయ్యయ్యో, నువ్వు నా కాళ్లు వట్టుకునుడేంది వదినె" అని సిగ్గుపడి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మడమ పగుల్లో నూలు పోగులు ఇరుక్కుని ఉన్నాయి. వాటి చుట్టూ చర్మం తెల్లగా, మెత్తగా నానిపోయి ఉంది. బొటనవేలితో అక్కడ బలంగా నొక్కాను. చీము నా గోరు మీదికి వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు.

"నొప్పి లేస్తున్నదా?" అని అడిగాను.

"నొక్కుతున్నవా వదినె?" అన్నాడు అంబదాస్.