పసుపు పూసిన గురి

నేను ఒక ఎడమచేతి గ్లౌజును. నాకు జంట లేదు. సాఫ్ట్‌బాల్ ఆటలో బ్యాటు పట్టుకున్న పిల్ల వెనక గొంతుకూర్చుని, వచ్చిన బంతినల్లా పట్టుకునే పిల్ల ఒకతె ఉంటుంది. క్యాచర్ అంటారు. ఆ పిల్ల చేతి కోసం పుట్టాను. ఆ ఆటకు మెత్తని బంతి అని పేరు పెట్టినవాళ్లెవరో గాని, ఒక్క పూట నా లోపల కూర్చుని ఉంటే ఆ మాట అనేవాళ్లు కాదు.

మీరట్‌లో ఒక ముసలాయన నన్ను గేదె తోలుతో కుట్టి, బల్ల మీద వేసి చెక్కసుత్తితో మోదాడు. ఇంతకన్నా దెబ్బలు ఇక ఉండవులే అనుకున్నాను. ఉంటాయని తెలియడానికి ఆర్మూరు దాకా రావలసి వచ్చింది.

ఆర్మూరు దగ్గరి ఒక ఊరి బడిలో ఆటల సారు ఇస్తారి. ఆయన గోనెసంచి విప్పి మమ్మల్ని నేల మీద పరిచిన రోజున ఆడపిల్లలంతా బ్యాట్ల మీద పడ్డారు. నన్నెవరూ ముట్టలేదు. లావుగా, బిర్రుగా, మాడిన రొట్టెలా ఉన్నాను మరి. పొట్టిగా బొద్దుగా ఉన్న ఒక పిల్ల మాత్రం నా ముందు గొంతుకూర్చుని, అట్లాగే ఉండిపోయింది. పేరు జమున. వాళ్లమ్మ ముత్తెవ్వతో కలిసి కల్లాల్లో పసుపు కొమ్ములూ గుండ్లూ వేరుచేసే పిల్ల. పొద్దంతా మడమల మీద కూర్చోవడం దానికి కొత్త కాదు. "నువ్వే క్యాచరువు పో" అన్నాడు సారు.

ఆ చెయ్యి మొదటిసారి నాలోకి వచ్చినప్పుడు, పిచ్చుక గూట్లోకి దూరినట్టనిపించింది. ఆ రోజు నుంచీ నాకు భయం మొదలైంది. పిచ్చుకను పెట్టుకున్న గూటికి నిద్ర ఎక్కడిది?

బంతి వేసేది వందన. పొడుగాటి పిల్ల. చెయ్యి గిర్రున తిప్పి కిందినుంచి విసిరిందంటే బంతి కనబడేది కాదు, ఈల మాత్రం వినబడేది. అయితే అది ఎక్కడికి పోతుందో వందనకే తెలియదు. ఒకటి గోడకు, ఒకటి సారు స్కూటరు అద్దానికి, ఒకటి సరిగ్గా జమున మొహం మీదికి. ప్రతి బంతికీ నేను ఇదే ఆఖరిదనుకునేదాన్ని. వేళ్లు విరుగుతాయి, కన్ను పోతుంది, ఇంకేముంది అనుకునేలోపు జమున నన్ను అడ్డం పెట్టేది. నా గుండెల్లో ఠప్పుమని శబ్దం. ఆ శబ్దం ఆగాక లోపల ఐదు వేళ్లనూ లెక్కపెట్టుకునేదాన్ని. ఐదూ ఉండేవి. ఎట్లా ఉన్నాయా అని నాకే వింతగా ఉండేది.

నాకు తోడు భయపడే మనిషి ముత్తెవ్వ. పండ్లు ఊడితే నిన్ను ఎవడు చేసుకుంటాడే అని రోజూ పోరు. మానిపించలేకపోయింది. చివరికి దసరా నాడు తనకు తెలిసిన కాపుదల తాను చేసింది. కొడవలికీ పారకూ బొట్లు పెట్టి, వాటి పక్కన నన్నూ కూర్చోబెట్టి, నూనెలో కలిపిన పసుపు ముద్ద తెచ్చి నా అరచేతి నిండా పట్టించింది. నా బిడ్డ మీదికి వచ్చేదంతా నువ్వే తిను తల్లీ అని నాకు మొక్కింది. గేదె తోలుకు మొక్కిన మనిషిని నేను ఆమెనే చూశాను.

తెల్లారి సారు మొత్తుకున్నాడు. తోలు పాడు చేసింది, ఇది ఆటవస్తువా, పెండ్లిపీటా అని. తుడిస్తే పోలేదు. సరే కానీయండని ఆట మొదలుపెట్టించాడు.

వందన బంతి తిప్పింది. ఠప్. నా నడిబొడ్డున, పసుపులోనే. ఇంకొకటి. పసుపులోనే. జమున నన్ను బొటనవేలంత పక్కకు జరిపింది, బంతి అంతే పక్కకు వచ్చింది. కిందికి దించింది, కిందికే వచ్చింది. అల్లంత దూరాన ఉన్న పిల్ల చేతిని ఇక్కడ కూర్చున్న పిల్ల తిప్పుతున్నట్టుంది. అప్పటిదాకా వందనకు బలముంది, గురి లేదు. ఆ గురి నా అరచేతిలో పచ్చగా వెలిగింది. దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం జమునకే తెలుసు. ఎదుటి పిల్ల కాళ్లు చూసి, బ్యాటు పట్టు చూసి, ఆ పిల్లకు అందని చోట పెట్టేది. ఆ తెలివి ఎక్కడిదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

రాష్ట్ర పోటీల ఆఖరి ఆటలో మాది ఒక్క పరుగు పైచెయ్యి. పరుగు తీసే నాలుగు మూలల్లో మూడోదాన ఎదుటి జట్టు పిల్ల కాచుకుని ఉంది. బంతి జమునను దాటిందా, ఆ పిల్ల ఉరికొచ్చి జమున ముందున్న ఆఖరి మూల తొక్కుతుంది, పరుగు వస్తుంది, పైచెయ్యి పోతుంది. వందనకు చెయ్యి జారింది. బంతి నేలకు కొట్టుకుని లేచి, జమున ఉత్తచేతి వేలిని విరిచి, రొమ్ముకు తగిలింది. జమున దాని మీద పడిపోయింది. పడినచోటే బంతిని నాలోకి తోసి, దూసుకొస్తున్న పిల్ల కాలికి నన్ను ఆనించింది. ఆ పిల్ల ఔటు. ఆట మాది.

వందనను భుజాల మీద ఎత్తుకున్నారు. పేపర్లో ఫొటో పడింది. ఆ ఫొటోలో జమున లేదు. ఒక మూలన నేను సగం కనిపిస్తాను.

వంకరపోయిన కుడి చూపుడువేలును జమున వారం రోజులు కొంగుచాటున దాచింది. బయటపడిన నాడు ముత్తెవ్వ నన్ను పట్టుకుపోయి పసుపు ఉడికే కడాయి కింద మంటలో వెయ్యబోయింది. అన్నీ నువ్వు తినమంటే ఒక దెబ్బ నా బిడ్డ వేలికి వదిలిపెట్టినవా అని నన్ను నిలదీసింది. అంతలో కడాయి పొంగింది, మూత వేడెక్కి ఉంది. ఆ మూత తియ్యడానికి నేనే పనికొచ్చాను. అట్లా బతికాను. అట్లాగే చాలా ఏళ్లు మూతలు తీశాను. వందనకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది, జమునకు పక్క ఊళ్లో సంసారం వచ్చింది.

తర్వాత జిల్లా స్టేడియంలో నల్లరాతి గోడ కట్టారు. జిల్లా పేరు నిలబెట్టిన ఆటగాళ్ల పేర్లు దాని మీద చెక్కుతారట. వందన పేరు ముందే చెక్కేశారు. ముసలివాడైన ఇస్తారి సారు పోయి జమున పేరు కూడా చెక్కాలి అన్నాడు. క్రీడాసంఘం పెద్ద దామోదర్ చెడ్డమనిషి కాదు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. బ్యాటింగులో ఆఖరున దిగిన పిల్ల, పతకం జట్టుది, బంతి పట్టడం ఆమె పనే కదా, వెనక కూర్చున్నవాళ్లందరినీ రాస్తే గోడ చాలదు అన్నాడు. గోడ తెరిచే రోజున అందరి ముందూ తేలుద్దామన్నాడు.

ముత్తెవ్వకు మళ్లీ భయం. పిలిచి కాదంటే బిడ్డ నలుగురిలో పలచనైపోతుంది. ఔనంటే దిష్టి తగులుతుంది. ఏదైనా ప్రమాదమే. అయినా నన్ను సంచిలో పెట్టుకుని, కొంగున ఏదో ముడివేసుకుని బయలుదేరింది. నాకు పేరెందుకమ్మా అంది జమున. అంటూనే బస్సులో సంచిలో చెయ్యి పెట్టి నన్ను తొడుక్కుంది. లోపల వేళ్లు ఒక్కొక్కటే తమ పాత గాడులు వెతుక్కున్నాయి.

ముఖ్య అతిథి వందన. మొదటి బంతి ఆమే వెయ్యాలి. ఇప్పటి జట్టు క్యాచరు కొత్త గ్లౌజుతో కూర్చుంది. వందన వేసిన బంతి ఆ పిల్ల తలమీదుగా పోయింది. రెండోది పోయి దామోదర్ ఫ్లెక్సీలో ఆయన ముక్కుకే తగిలింది. జనం నవ్వు ఆపుకున్నారు. వందన బంతి చేతబట్టుకుని నిలబడిపోయింది.

"జమున కూసుంటేనే ఏస్త" అంది.

ముత్తెవ్వ కొంగుముడి విప్పింది. పసుపే. నా అరచేతికి పులిమి, "ఈసారన్న మొత్తం నువ్వే తిను" అని గొణిగింది.

చీర కుచ్చిళ్లు బిగించి జమున గొంతుకూర్చుంది. ముఖానికి ముసుగు లేదు, రొమ్ముకు రక్ష లేదు, వయసా నలభై దాటింది. నా ప్రాణం నాలో లేదు. వందన చెయ్యి గిర్రున తిరిగింది. ఈల. ఠప్. పసుపులో. జమున నన్ను కిందికి జరిపింది. ఠప్. పక్కకు. ఠప్. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ చెయ్యి ఎక్కడికి జరిగితే బంతి అక్కడికే వచ్చింది. బంతి ఈమె మాట వింటుందనిపించింది.

"పట్టుడే గదా అన్నరంట. ఒక్కటి మీరు పట్టుండ్రి సార్" అంది వందన.

దామోదర్ నవ్వుతూ వచ్చి నన్ను తొడుక్కోబోయాడు. జమున వేళ్లకు అచ్చుపడిన గాడుల్లో ఆయన చెయ్యి సగమే పట్టింది. గొంతుకూర్చోబోతే మోకాళ్లు పటపటమన్నాయి. వందన మెల్లగానే వేసింది. ఆయన కళ్లు మూసి మొహం తిప్పేసుకున్నాడు. బంతి పక్కనుంచి పోయింది. ఈసారి జనంతోపాటు ఆయనా నవ్వాడు. కళ్లు ఎట్లా తెరిచి ఉంచుతావమ్మా అని జమునను అడిగాడు.

జమున పోయిన బంతిని తెచ్చి వందన చేతిలో పెట్టింది. వందనే అంది. "బంతి నేను ఏసిన్నని రాతి మీద రాసిండ్రు సార్. ఏడికి ఏసిన? ఈమె చెయ్యి పెట్టిన కాడికి."

దామోదర్ లేచి, నన్ను రెండు చేతులా పట్టుకుని జమునకు అందించాడు. ఆ వారంలోనే వందన పేరు పక్కన జమున పేరు చెక్కారు.

నేనిప్పుడు ఆ గోడ కింద అద్దాల పెట్టెలో ఉన్నాను. దసరాకు ముత్తెవ్వ వస్తుంది. కాపలామనిషి చేత పెట్టె తీయించి నాకు పసుపు పెడుతుంది. ఆమెకు చదువు రాదు. మొదటిసారి వచ్చినప్పుడు బిడ్డ పేరు ఏదో అతన్ని అడిగి, మళ్లీ వచ్చేసరికి ఎవరైనా చెరిపేస్తే తనకు తెలియదేమోనన్న భయంతో, చెక్కిన గీతల్లో వేలితో పసుపు కూరింది. ఏటా కూరుతుంది. అందుకే మైదానం నడుమ నుంచి చూస్తే ఆ నల్లగోడ మీద ఒక్క పేరే కనబడుతుంది.

బంతి వెయ్యడం నేర్చుకునే పిల్లలు ఈమధ్య ఆ పచ్చటి పేరుకేసి గురి పెడుతున్నారు. సాయంత్రాలు బంతులు వచ్చి గోడకు తగులుతుంటాయి. ఈల వినబడినప్పుడల్లా, లోపల చెయ్యి లేదని తెలిసినా, నా అరచెయ్యి విచ్చుకోబోతుంది.